వంట తెలుగులో, కార్డు ఇంగ్లీషులో: కొండాపూర్‌లో ఒక ఆదివారం భోజనం

కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కు దగ్గరలో ఏడాది క్రితం తెరిచిన ఒక రెస్టారెంటుకు కిందటి ఆదివారం మధ్యాహ్నం మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. తెలంగాణ, ఆంధ్ర వంటలు తప్ప మరేమీ వండమని వాళ్ళు గుమ్మం దగ్గరే రాసి పెట్టారు. ఆ మాట చాలావరకు నిలబెట్టుకున్నారు కూడా. వంట విషయంలో నాకు దాదాపు ఫిర్యాదు లేదు. ఉన్న ఫిర్యాదంతా ఆ వంటకూ మా బల్లకూ నడుమ నిలిచిన మెనూ కార్డు మీద. ఇలాంటి కార్డు మాదాపూర్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మరో పది చోట్లయినా నాకు కనిపించింది కనుక, ఆ రెస్టారెంటు పేరును ఇక్కడ రాయడం లేదు.

ఇరవై రెండేళ్ళుగా జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నవాణ్ణి. ఇంగ్లీషు మాట కనిపిస్తేనే చిరాకుపడే మనిషిని కాను. అయినా ఆ కార్డు చేతికిచ్చిన తరువాత పది నిమిషాల పాటు ఏం తెప్పించుకోవాలో నాకు తేలలేదు.

మా అమ్మది నల్లగొండ దగ్గర పల్లె. ఆవిడ అడిగింది ఒక్కటే: “పుంటికూర మాంసం ఉన్నదా బిడ్డా?” కార్డు మొత్తం తిరగేశాను. పుంటికూరా లేదు, దానికే మరో పేరైన గోంగూరా లేదు. ‘టాంగీ సారెల్ లీవ్స్ విత్ స్లో కుక్డ్ లాంబ్’ అని ఒకటి ఉంది, ధర 495 రూపాయలు. సారెల్ అంటే ఇంగ్లండు పొలాల గట్ల మీద పెరిగే ఒక పుల్లని ఆకు. మొక్కల శాస్త్రం లెక్కన అది మన చుక్కకూరకు దగ్గరి చుట్టం, రెండూ రూమెక్స్ జాతివే. గోంగూర అసలు ఆ వంశానిదే కాదు. మందారం, బెండ ఉన్న కుటుంబంలోది. కరీబియన్ దీవుల్లో మాత్రం ఎర్రగోంగూర పూల రక్షక పత్రాలతో చేసే పానీయాన్ని సారెల్ అంటారు కాబట్టి, కార్డు రాసిన మనిషి పూర్తిగా తప్పు చేశాడని కూడా అనలేను. కానీ హైదరాబాదులో కూర్చుని గోంగూర తినడానికి జమైకా మీదుగా ఎందుకు పోవాలో నాకు అర్థం కాలేదు. చుక్కకూర వేసిన మాంసం కూడా మన ఇళ్ళలో వండుతారు, దాని రుచి వేరు. అందువల్ల ఇది కేవలం మాటల పట్టింపు కాదు. పళ్ళెంలోకి ఏ ఆకు వస్తుందో తెలియకుండా 495 రూపాయలు పెట్టాల్సిన పరిస్థితి.

వడ్డించే కుర్రవాణ్ణి పిలిచాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చానని తరువాత చెప్పాడు. మొదట మా అమ్మను ‘మామ్’ అని సంబోధించి, ఆవిడ నోటివెంట తెలుగు వినగానే ‘అమ్మా’లోకి దిగాడు. “అది గోంగూర మాంసమేనమ్మా, కొండగోంగూర కాదు, ఎర్ర కాడది,” అన్నాడు. కార్డు మీద ఏడు ఇంగ్లీషు మాటలు చెప్పలేని సంగతిని ఒక్క ముక్కలో చెప్పేశాడు. లాంబ్ సంగతి కూడా అడిగాను. లాంబ్ అంటే ఏడాది నిండని గొర్రెపిల్ల. “మేకే సార్, లేతది తెస్తారు,” అని జవాబు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మటన్ అన్నది ఫ్రెంచి వాళ్ళ ‘మూతోఁ’ నుంచి, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత ఇంగ్లీషులో స్థిరపడిన మాట. కొట్టంలో ఉన్నప్పుడు షీప్, పళ్ళెంలోకి వచ్చాక మటన్. ఆ మాట మన దేశానికి వచ్చాక మేకకు కూడా చెల్లింది, మనమంతా అలాగే వాడుకుంటున్నాం, ఎవరికీ అయోమయం లేదు. మటన్ అని రాసి ఉంటే సరిపోయేది. గొప్పగా వినిపించాలని లాంబ్ అని రాసి, మేకను వడ్డించడం మాత్రం నాకు నచ్చలేదు. గొర్రె మాంసం తినని ఇళ్ళున్నాయి, మేక మాంసం పడదనే మనుషులున్నారు. వాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

కూర వచ్చాక ఆ చిరాకు చాలా వరకు తీరిపోయింది. గోంగూరను విడిగా నూనెలో మగ్గించి, ముక్క ఉడికిన తరువాతే కలిపారు. పులుపు ముక్కలోకి దిగింది గాని ముక్కను బిరుసెక్కించలేదు. పైన ఎండుమిరపకాయ, వెల్లుల్లి తాళింపు. దానికి తోడుగా ‘సోర్గమ్ ఫ్లాట్‌బ్రెడ్’ రెండు, ఒక్కొక్కటి 60 రూపాయలు. అవి జొన్నరొట్టెలు. చేత్తో తట్టి చేసినవేనని అంచుల దగ్గర వేళ్ళ అచ్చులు చూస్తే తెలిసింది. మా అమ్మ రొట్టెను తుంచి, వాసన చూసి, తల ఊపింది. ఆవిడ తల ఊపడమంటే మా ఇంట్లో బంగారు పతకంతో సమానం.

సూపు దగ్గర మాత్రం మోసపోయాం. ‘మల్లిగటానీ’ అని చదవగానే నాకే ఉత్సాహం కలిగింది, ఎందుకంటే ఆ మాట కథ నేను ఏటా పిల్లలకు చెబుతాను. తమిళంలో ‘మిళగు తణ్ణీర్’ అంటే మిరియాల నీళ్ళు, అంటే మన మిరియాల చారే. మద్రాసులోని కంపెనీ దొరలకు భోజనం మొదట్లో సూపు తాగే అలవాటు. మన భోజనంలో అలాంటిది వేరే లేదు కనుక వంటవాళ్ళు చారును ముందుకు జరిపారు. దొరల కోరిక మీద అందులోకి మాంసం, ఉల్లి, ఇంకేవో చేరి అది చిక్కబడింది, పేరు మాత్రం నీళ్ళనే మిగిలింది. ఇండియాలోని ఇంగ్లీషువాళ్ళు వాడిన మాటలను పోగుచేసి 1886లో వెలువడిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఈ మాటకు చోటుంది. కర్రీ, బ్రింజాల్, టిఫిన్ కూడా అందులో దానికి ఇరుగుపొరుగువే. ఈ కథంతా అమ్మకు చెప్పి, “మన చారే, తాగు,” అన్నాను. వచ్చింది పసుపు రంగులో, క్రీము పోసిన, చెంచా నిలబడేంత చిక్కని పదార్థం. అమ్మ ఒక గుక్క తాగి, “చారేందిరా ఇది? పాలు పోసిన్రు,” అని గిన్నె నా వైపు జరిపింది. తప్పు రెస్టారెంటుది కాదు, మల్లిగటానీ నిజంగానే ఇప్పుడు అలా ఉంటుంది. చారు అడగాల్సిన చోట దాని విదేశీ మనవణ్ణి అడిగిన నాది తప్పు. అయితే తెలుగు వంటలు తప్ప మరేమీ వండమన్న చోట మామూలు చారు కార్డులో ఎక్కడా లేకపోవడం మాత్రం వాళ్ళ తప్పే. ఆ సూపు ధర 185 రూపాయలు.

రెస్టారెంటు అన్న మాటకే మొదట సూపు అని అర్థం. పద్దెనిమిదో శతాబ్దపు పారిస్‌లో నీరసించిన ఒంటికి సత్తువ తెచ్చే మాంసపు కషాయాన్ని అలా పిలిచేవారు, తరువాత అది అమ్మే చోటుకు ఆ పేరు వచ్చింది. ఇది పక్కమాట.

సర్వపిండికి కార్డు పెట్టిన పేరు ‘సేవరీ రైస్ పాన్‌కేక్’. పాన్‌కేక్ అంటే జారుగా కలిపిన పిండిని పెనం మీద పోసి తిప్పేది. సర్వపిండిలో పోయడమే లేదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు, కారం కలిపి గట్టి ముద్దగా చేసి, నూనె రాసిన గిన్నె అడుగున చేత్తో ఒత్తి, వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేసి, మూత పెట్టి కాలుస్తారు. గిన్నెలో చేస్తారు కనుకే కొన్ని ఊళ్ళలో గిన్నప్ప అంటారు. పాన్‌కేక్ అని చదివిన మనిషి మెత్తగా ఉంటుందని ఎదురుచూస్తాడు, కరకరలాడేది వస్తుంది. మా పక్క బల్ల మీద సరిగ్గా ఇదే జరిగింది: బయటి రాష్ట్రం నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు అది మాడిపోయిందనుకుని వెనక్కు పంపబోయారు. అంటే ఈ ఇంగ్లీషు, తెలుగు తెలియని వాళ్ళకు కూడా పనికిరాలేదు. ‘సర్వపిండి’ అని రాసి, కింద ఒక వరుసలో ఎలా ఉంటుందో చెబితే వాళ్ళకూ మాకూ సరిపోయేది.

అదే వరుస చివర ‘కంటెయిన్స్ నట్స్’ అని చిన్న అక్షరాల్లో ఉంది. ఇది కాస్త జాగ్రత్తగా చూడాల్సిన విషయం. సర్వపిండిలో పడేవి పల్లీలు. వేరుశనగ చిక్కుడు, కంది లాంటి కాయజాతి మొక్క. బాదం, జీడిపప్పు లాంటివి చెట్ల నుంచి వచ్చే వేరే తరగతి. కొందరికి ఒకటి పడదు, కొందరికి రెండోది పడదు, కొందరికి రెండూ పడవు. ‘పీనట్స్’ అనే ఒక్క మాట రాయడానికి ఖర్చేమీ లేదు. నువ్వుల ప్రస్తావన అసలు లేదు. అన్ని అలంకారపు మాటలున్న కార్డులో, ఇంగ్లీషు నిజంగా అవసరమైన ఒకే ఒక చోట కచ్చితమైన మాట లేకపోయింది.

గుత్తివంకాయను ‘స్టఫ్డ్ ఆబర్జీన్’ అన్నారు, 345 రూపాయలు. బ్రింజాల్ అంటే నాటుగా ఉంటుందని కాబోలు మార్చారు. ఈ రెండు మాటలూ ఒకే తల్లి పిల్లలని వాళ్ళకు తెలిసి ఉండదు. మన దేశపు పాత మాటే పారశీకంలోకి, అక్కడి నుంచి అరబ్బీలోకి ‘బాదింజాన్’గా వెళ్ళింది, పోర్చుగీసు వాళ్ళు దాన్ని ‘బెరింజెలా’ చేసుకుని ఓడలో మళ్ళీ మన రేవుకే తెచ్చి దించితే బ్రింజాల్ అయింది. అదే అరబ్బీ మాట ముందు ‘అల్’ తగిలించుకుని స్పెయిన్, ఫ్రాన్సుల మీదుగా ఇంగ్లండు చేరితే ఆబర్జీన్ అయింది. ఒకటి సముద్రం మీద తిరిగింది, ఒకటి నేల మీద నడిచింది, అంతే తేడా. మూల మాటలో ద్రావిడ భాషల వాసన ఉందని చెప్పే భాషావేత్తలూ ఉన్నారు, అప్పుడు మన ‘వంగ’ కూడా ఈ చుట్టరికంలోకి వస్తుంది. కాయలు లేతవి, గింజ పట్టనివి. కూరిన మసాలాలో నువ్వులు, కొబ్బరి, చింతపండు సమంగా ఉన్నాయి. ముచ్చిక పట్టుకుని ఎత్తితే విడిపోకుండా లేచింది, అదే గుత్తివంకాయకు పరీక్ష.

కార్డులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టింది ‘కర్రీస్’ అనే పేజీ. తమిళ ‘కరి’ నుంచి వచ్చిన ఆ మాట ఇంగ్లీషు వంట పుస్తకంలోకి 1747లోనే చేరింది. హన్నా గ్లాస్ అనే ఆవిడ ‘ఇండియా పద్ధతిలో కర్రీ’ ఎలా చేయాలో రాసింది. అప్పటి నుంచి ఇంగ్లీషు వాళ్ళకు మన వంటంతా ఒక్క కర్రీయే. వాళ్ళు అనుకున్నారంటే వాళ్ళకు తెలియక. మన దగ్గర ఇగురు, పులుసు, వేపుడు, ముద్దకూర, పులుసుకూర, పాలు పోసిన కూర అని ఎన్ని ఉన్నాయో, వాటిలో ప్రతి మాటా అది ఎలా వండారో చెప్పేస్తుంది. రొయ్యల ఇగురు అంటే నీరు ఇగిరి, నూనె తేలి, మసాలా రొయ్యకు అంటుకున్నదని అడగకుండానే తెలుస్తుంది. కార్డులో అది ‘ప్రాన్స్ ఇన్ థిక్ కర్రీ’. చేపల పులుసు ‘ఫిష్ ఇన్ టాంగీ కర్రీ’. గోంగూరకూ టాంగీయే, చింతపులుసుకూ టాంగీయే, మామిడికాయ పప్పుకూ టాంగీయే. పులుపులో ఇన్ని రకాలు ఎరిగిన నేలమీద, కార్డు రాసిన మనిషికి దొరికింది ఆ ఒక్క మాట.

ఇంగ్లీషు మాట మన వంటకు పనికిరాదని నేను అనడం లేదు. కూకట్‌పల్లిలో మా వీధి చివర కర్రీ పాయింట్ ఉంది. ఆ పేరులో రెండూ ఇంగ్లీషు మాటలే, కానీ ఏ ఇంగ్లీషువాడికీ అర్థం కాదు. ఇంట్లో అన్నం వండుకుని, కూరలు మాత్రం కవర్లలో కట్టించుకుని వచ్చే చోటని హైదరాబాదులో చదువురాని వాళ్ళకు కూడా తెలుసు. అక్కడి నల్లబల్ల మీద రోజూ సుద్దముక్కతో రాస్తారు: దొండకాయ ఫ్రై, టమాటా పప్పు, పచ్చిపులుసు, చికెన్ కర్రీ. ఫ్రై అంటే వేపుడు, డ్రై అంటే గ్రేవీ లేనిది, పార్సిల్ అంటే ఇంటికి కట్టించుకునేది. మీల్స్ అంటే ఒక్కటే అయినా మీల్సే. హోటల్ అంటే పడుకునే చోటు కాదు, తినే చోటు. టిఫిన్ అన్నది తెల్లదొరల యాస మాట, ‘టిఫింగ్’ అంటే కాస్త పుచ్చుకోవడమని; వాళ్ళకు అది మధ్యాహ్నపు తిండి అయింది, మనకు పొద్దున్నే ఇడ్లీ అయింది. ఇంగ్లండులో ఆ మాట దాదాపు మరిచిపోయారు, ఇక్కడ మాత్రం పొద్దున ఆరింటికే పొగలు కక్కుతోంది. ఈ ఇంగ్లీషు మన నోళ్ళలో నలిగి, మన గిన్నెల కొలతకు సరిపోయింది. ఆ కార్డులోని ఇంగ్లీషు ఎవరి నోట్లోనూ నలగలేదు. వడ్డించే కుర్రవాడు కూడా దాన్ని ఒక్కసారి పైకి చదవలేదు. ప్రతిదానికీ వేలు పెట్టి చూపించి తెలుగు పేరు చెప్పాడు.

‘గన్‌పౌడర్ ఘీ రైస్’ 240 రూపాయలు. అంటే కందిపొడి, నెయ్యి, అన్నం. ఈ పేరు ఈ రెస్టారెంటు కనిపెట్టింది కాదు, చాలా చోట్ల చెలామణిలో ఉంది. అమ్మకు అర్థం చెప్పాను. “తుపాకి మందు అన్నంల కలుపుకుంటరా!” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్నం మీద పొడిని ముందే కలిపి ఇవ్వడం నాకు నచ్చలేదు, ఎవరి పాలు వాళ్ళు కలుపుకోవాల్సిన తిండి అది. పొడి మాత్రం అసలైనది. పప్పు ఎర్రగా వేగింది, జీలకర్ర మోతాదు మించలేదు, వెల్లుల్లి వెనక నుంచి పలికింది. ‘యోగర్ట్ రైస్ బౌల్’ పెరుగన్నమే. తుర్కీ మాట పెట్టినంత మాత్రాన పుల్లబడలేదు, 210 రూపాయలకు బాగా తక్కువ పెట్టారు. ‘హైదరాబాదీ బ్రెడ్ పుడింగ్’ 195. డబల్ కా మీఠాను ఈ ఊళ్ళో కూడా పేరు పెట్టి పిలవకపోతే ఇంకెక్కడ పిలుస్తారు? అది కాస్త తీపి ఎక్కువైంది, రొట్టె ముక్కలు నేతిలో సరిగా వేగక అడుగున మెత్తబడ్డాయి.

మేము తింటుండగా, వంటింటికి వెళ్ళే ఆర్డరు చీటీ ఒకటి పళ్ళెం కింద అంటుకుని మా బల్ల మీదికి వచ్చింది. తీసి చూశాను. అందులో ముద్రించి ఉన్నవి: ‘గోంగూర మటన్ 1, జొన్న రోటీ 2, గుత్తి వంకాయ 1, సర్వపిండి 1, కంది పొడి రైస్ 1’. అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు మనవి. అంటే అదే కంప్యూటరులో అసలు పేర్లు ఉన్నాయి. వంటవాడికి తప్పు పోకూడదు కాబట్టి అతనికి వాటినే పంపుతున్నారు. డబ్బు ఇచ్చే వాళ్ళకు మాత్రం వేరే పేర్లు. ఆ చీటీని మేనేజరుకు చూపించి అడిగాను. ఆయన మర్యాదస్తుడే. “మాకు కార్పొరేట్ క్రౌడ్ ఎక్కువ సార్, కార్డు డిజైన్ చేసినవాళ్ళు అలా ఇచ్చారు,” అన్నాడు. ఆ చుట్టూ ఉన్న బల్లల మీద వినిపిస్తున్నది మాత్రం తెలుగే, నడుమ నడుమ హిందీ. అసలు పేరు పైన, వివరం కింద రాయమని చెప్పాను. రాసుకున్నాడు. మారుస్తాడో లేదో వచ్చే నెల చూడాలి.

బిల్లులో మరో ఇంగ్లీషు మాట ఎదురైంది: ‘సర్వీస్ చార్జ్ 10 శాతం’. తిన్నది 2,015 రూపాయలు, దాని మీద 201.50 అడగకుండా కలిపారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దీన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమనగానే మారుమాట లేకుండా తీసేశారు. 5 శాతం జీఎస్టీతో 2,116 అయింది. ఆ కుర్రవాడికి విడిగా నూరు రూపాయలు చేతిలో పెట్టాను, పెట్టడానికి నాకే మనసైంది.

వెళ్ళదలచుకున్న వాళ్ళు ఆదివారమైతే ఒంటిగంట లోపు వెళ్ళాలి, తరువాత అరగంటకు తక్కువ కాకుండా నిలబడాలి. బండి పెట్టుకోవడానికి కింద చోటుంది. గోంగూర మాంసం, జొన్నరొట్టె, గుత్తివంకాయ తప్పకుండా తెప్పించుకోండి, సర్వపిండి వేడి మీదే తినండి, సూపునూ తీపినీ వదిలేయండి. కార్డు తెరవకుండా వడ్డించే వాళ్ళను తెలుగులో అడిగితే పని త్వరగా జరుగుతుంది. కందిపొడి విడిగా అమ్ముతారని అడిగితేనే తెలిసింది, అది కార్డులో ఏ పేరుతోనూ లేదు. అమ్మ పావుకిలో కట్టించుకుంది. డబ్బా మీద ఏ చీటీ లేకపోతే, ఆ కుర్రవాడు జేబులోంచి పెన్ను తీసి మూత మీద ‘కందిపొడి’ అని రాసి, కింద తేదీ వేసి ఇచ్చాడు.